మైలు చెప్పని బండి

వెండెల్ క్రౌస్ తన పికప్‌ని వెనక్కి నడుపుతూ మా షెడ్డులోకి తెచ్చింది అక్టోబరు మొదటి సోమవారం నాడు. ఎనభై తొమ్మిదో సంవత్సరం. మా ఊరి కలప మిల్లు మూతపడి అప్పటికి ఏడు నెలలైంది. కొండ మీద నరికిన దుంగలు ఊరి మధ్య నుంచే లారీల్లో వెళ్ళేవి గానీ ఊళ్ళో ఆగేవి కావు. నేరుగా రేవుకి పోయి ఓడలెక్కేవి. ముప్పై ఏళ్ళు చెట్లు నరికిన వెండెల్ లాంటివాళ్ళు వాకిట్లో నిలబడి వాటిని చూస్తూ ఉండేవాళ్ళు.

నాది రంపాల దుకాణం. వెనక షెడ్డులో రేడియోలు బిగించే బల్ల ఉంది. కొండ మీదికి పోయే నార్త్ ఫోర్క్ రోడ్డెక్కే ప్రతి బండికీ, డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియో ఉండి తీరాలి కాబట్టి నాకు ఆ బల్ల దగ్గరే పని ఎక్కువ. ఆ రోడ్డు ఒక్క బండి పట్టేంత వెడల్పే. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. మైలుకొక చెట్టుకి పసుపు పలక కొట్టి ఉంటుంది. పలక దాటినప్పుడల్లా డ్రైవరు మైకులో చెప్పాలి. ‘పదకొండు, లోడు’ అంటే దిగుతున్నాడని. ‘ఆరు, ఖాళీ’ అంటే ఎక్కుతున్నాడని. ఎక్కేవాడు అది విని, తప్పుకునే చోటు చూసుకుని ఆగుతాడు. నలభై టన్నుల లారీ ఆ బురదలో దిగుతుంటే, డ్రైవరు అనుకున్న చోట ఆగదు.

“రేడియో ఉంది,” అన్నాడు వెండెల్, సీటు మీంచి పాత పెట్టె ఒకటి తీసి చూపిస్తూ. “యాంటెన్నా కావాలి, ఆర్డీ.”

నా పేరు ఆర్డిస్. ఆర్డీ అని పిలిచేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఇతనూ, మా తమ్ముడు గేలెనూ.

గోడ మీంచి నాలుగున్నర అడుగుల ఫైబరు కడ్డీ దింపాను. “ఇది పెట్టించుకో. క్యాబిన్ కప్పు నడిమధ్య ఒక చిల్లు పెట్టి బిగిస్తా. కింద ఇనుమంతా దీనికి ఆసరా. నాలుగు వైపులా ఒకేలా వినపడతావు. కొమ్మలు తగిలినా వంగుతుందే గానీ విరగదు.”

“చిల్లు వద్దు.”

“అయితే అడుగున అయస్కాంతం ఉన్నది తీసుకో. కప్పు మీద పెడితే అతుక్కుంటుంది. అక్కర్లేనప్పుడు తీసి లోపల పడేసుకోవచ్చు.”

“కప్పు మీద ఏదీ వద్దు. పైకి కనపడకూడదు.” అతను వంగి, అడుగు అరలో దుమ్ము పట్టిన రెండడుగుల పొట్టి కడ్డీ బయటికి లాగాడు. “ఇది పెట్టు. వెనక సామాను తొట్టి మూలన, క్యాబిన్ వెనకాల. కప్పు కంటే ఎత్తు లేవకూడదు.”

నాకు నవ్వొచ్చింది. “అక్కడ పెడితే క్యాబిన్ ఇనుమంతా దానికి అడ్డం. నీ మాట ముందుకి పోదు. ఆ రోడ్డు మీద వినపడాల్సింది ఎదురొచ్చేవాడికే కదయ్యా.”

“నాకు వాళ్ళ మాట వినపడుతుందా?”

“వినడానికేం, బాగానే వినపడుతుంది.”

“చాలు. నేను మాట్లాడేదేం లేదు.”

“నీ నోరు మూయించాలని మీ ఆవిడ థోరా ముప్పై ఏళ్ళుగా తంటాలు పడుతోంది. నేనొక్క యాంటెన్నాతో మూయించానంటే నాకు కేకు చేసి పంపుతుంది.”

అతను నవ్వలేదు. “థోరాకి చెప్పక్కర్లేదు,” అన్నాడు.

తొట్టి అంచున రంగు గీకి, ఇనుము మెరిసేదాకా తోమి, బోల్టు బిగించాను. కేబులు సీటు వెనక నుంచి లాగాను. బిగించాక మీటరు పెట్టి కడ్డీ సరిచూడాలి. సూది ఒకటిన్నర దగ్గర ఆగితే మంచిది. రెండు దాటిందంటే రేడియో పంపే శక్తి బయటికి పోకుండా వెనక్కి తిరిగి రేడియోనే కాలుస్తుంది. వెండెల్ బండిలో సూది మూడు దాటి కొట్టుకుంది.

“ఒక అరగంట కూర్చో. ఇలా పంపలేను,” అన్నాను.

“మాట్లాడనన్నాను కదా. పనుంది నాకు.”

పంతొమ్మిదేళ్ళలో సరిచూడకుండా నా షెడ్డు దాటిన బండి అదొక్కటే. ఇంకెవరికైనా తాళాలు ఇచ్చేదాన్ని కాదు. కానీ నాలుగేళ్ళ క్రితం నా భర్త ఓరిన్ నెత్తిన కొమ్మ విరిగిపడితే, అతణ్ణి భుజాన వేసుకుని మైలున్నర దూరం రోడ్డు దాకా దింపింది వెండెలే. ఓరిన్ ఆసుపత్రిలో పోయాడు. నా చెయ్యి పట్టుకుని పోయాడు. ఆ చివరి గంట వెండెల్ వల్లే దక్కింది నాకు.

బండి షెడ్డు దాటుతుంటే బ్రేకు తొక్కాడు. వెనక దీపాలు వెలగలేదు. దగ్గరికి వెళ్ళి చూశాను. ఎర్ర అద్దాల వెనక బల్బులు లేవు. పగిలిపోయి కాదు, ఎవరో జాగ్రత్తగా తీసేసినట్టున్నాయి.

“బల్బుల్లేవు, వెండెల్.”

“చూస్తాలే,” అని వెళ్ళిపోయాడు.

షెడ్డులో నా సొంత రేడియో ఒకటి రోజంతా మోగుతూ ఉంటుంది. దాని యాంటెన్నా బయట నలభై అడుగుల స్తంభం మీద ఉంది. పని చేసుకుంటూ వింటాను, అంతే. అది రోడ్డు మీదివాళ్ళ చానెలు. ఊళ్ళో కూర్చున్నవాళ్ళు అందులో నోరు పెట్టకూడదని మాలో ఒక కట్టుబాటు. గొంతు వింటే ఎవరో చెప్పగలను. అందరూ చెప్పగలరు.

పది రోజులు గడిచాక గేలెన్ కాఫీకి వచ్చాడు. మా తమ్ముడు ఆ కొండ మీద రోజుకి మూడు లోడ్లు దింపుతాడు.

“మన కొండ మీద దయ్యం తిరుగుతోంది, ఆర్డీ,” అన్నాడు డోనట్ కొరుకుతూ.

“అద్దంలో చూసుకుని ఉంటావు.”

“కాదే, విను. పొద్దున నేనెక్కేటప్పుడు ఏడో మైలు దగ్గర బురద నున్నగా ఉంది. దిగేటప్పుడు చూస్తే టైర్ల గుర్తులు. మధ్యలో ఏడు అని చెప్పినవాడు ఒక్కడూ లేడు.”

“ఎవరో వేటగాడై ఉంటాడు. రేడియో లేకపోయి ఉంటుంది.”

“రేడియో లేనివాడైతే ఏదో ఒక మలుపులో మూతికి మూతి తగలాలి కదా. వీడు తగలడు. నేను ఎనిమిది అనేసరికి ఏడులోంచి మాయమైపోతాడు. వాడు నన్ను వింటున్నాడు.” నవ్వుతూనే అన్నాడు గానీ, డోనట్ సగంలో కింద పెట్టేశాడు.

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఎవరో నాకు అప్పుడే తెలిసింది. తెలిసి, లేచి వాడి కప్పులో ఇంకొంచెం కాఫీ పోశాను.

ఆ రోజు నుంచి నేను రేడియోలో ఖాళీలు వినడం మొదలుపెట్టాను. చివరి లోడు లారీ మూడో మైలు దాటుతుంది. ఖాళీ లారీ ఇంకా రోడ్డు మొదట్లో ఉన్న గేటు దగ్గరికి రాదు. ఆ ఇరవై నిమిషాలు రేడియోలో గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ‘ఇప్పుడు కదులుతున్నాడు’ అనుకునేదాన్ని. బల్ల మీద పని అలాగే ఉండేది. మళ్ళీ ఎవరో ఒకరు ‘ఒకటి, ఖాళీ’ అనేదాకా నా చేతులు ఆడేవి కావు.

నెల చివర్లో అటవీశాఖ వాళ్ళకి పన్నెండో మైలు పైన ఒక దేవదారు మోడు కనపడింది. ఆరేడు వందల ఏళ్ళ చెట్టు. ఎవరో పడగొట్టి, దిమ్మలుగా కోసి, సగం మోసుకుపోయారు. ఇంటి కప్పులకి దేవదారు పలకలు చీల్చేవాళ్ళు దిమ్మ ఎక్కడిదని అడగరు. దొంగ ఆచూకీ చెప్పమని పోస్టాఫీసు తలుపు మీద కాగితం అంటించారు. దొంగ పనిమంతుడని, ఒక్క కోత కూడా తప్పు పడలేదని చెప్పుకున్నారు ఊళ్ళో. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరూ ఎవరి మొహం చూసేవాళ్ళు కాదు.

నవంబరు రెండో శుక్రవారం గేలెన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

“నిన్న వాణ్ణి చూశాను. పదో మైలు మలుపులో, పొగమంచులో. నల్లగా బండి తోక ఒకటి కొండ పక్కకి జరిగింది. దీపాల్లేవు. బ్రేకు తొక్కితే ట్రైలరు పక్కకి జారింది, ఆర్డీ. లోయవైపు చక్రం గాల్లో తిరుగుతుంటే అద్దంలో చూశాను.” కప్పు పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే రెండో చెయ్యి ఆసరా పెట్టాడు. “మొన్నటిదాకా దయ్యం అని నవ్వాను. ఇక నవ్వలేను. నీకు ఈ ఊళ్ళో ప్రతి బండీ తెలుసు. ఎవడై ఉంటాడు?”

“ఎవరైనా కావచ్చు,” అన్నాను.

గేలెన్ తల ఊపి వెళ్ళిపోయాడు. నా మాట నమ్మాడు.

ఆదివారం మధ్యాహ్నం వెండెల్ ఇంటికి వెళ్ళాను. థోరా చర్చిలో భోజనాల పనికి వెళ్ళింది. బడి వంటగదిలో పనిచేసే ఆమెకి అలాంటివి ఎప్పుడూ తప్పవు. వెండెల్ గ్యారేజీలో రంపం గొలుసుకి పదును పెడుతున్నాడు. లోపల అడుగు పెట్టగానే దేవదారు వాసన కొట్టింది. ఓరిన్ చొక్కాలు ఉతికిన నాకు ఆ వాసన దేనిదో ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక గోడ దగ్గర టార్పాలిన్ కింద ఎత్తుగా ఏదో ఉంది. అతను దాన్ని దాచాలని చూడలేదు. నేనూ అటు చూడలేదు.

“గేలెన్ గురువారం లోయలో పడబోయాడు,” అన్నాను.

“తెలుసు. విన్నాను.” ఆకురాయి కింద పెట్టాడు. “వాడు పలక దాటి వంద గజాలు వచ్చాక పది చెప్పాడు. నేను లెక్క తప్పాను.”

“నీ లెక్క మీద నా తమ్ముడి ప్రాణం ఉంది వెండెల్. బండి తీసుకురా. కప్పు మీద మంచి యాంటెన్నా నేనే పెడతా. మైళ్ళు చెప్పు. కట్టెలు కొట్టుకుంటున్నానని చెప్పు, ఎవరు అడుగుతారు?”

“నేను నోరు తెరిస్తే ఇరవై మంది నన్ను గుర్తుపడతారు. రెండో రోజుకే ఆ చెట్టు నరికినవాడిగా నా పేరు చెప్తారు. వాళ్ళలో సగం మందికి పని నేర్పింది నేనే.” చాలాసేపు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. “ఆ కొండ మీద నాకు నరకడం తప్ప ఏమీ రాదు, ఆర్డీ. ఇంకో మూడు ట్రిప్పులు. అంతే.”

“పొగమంచు పట్టిన రోజు వెళ్ళనని మాటివ్వు. అదొక్కటి.”

అతను మాటివ్వలేదు. కాఫీ తాగుతావా అని అడిగాడు. తాగాను. ఆ కాఫీ తాగినందుకు నన్ను నేను చాలా రోజులు క్షమించుకోలేదు. అక్కణ్ణుంచి లేచి నేరుగా గేలెన్ ఇంటికి వెళ్ళి ఉండాల్సింది. బండి స్టార్టు చేసి, వీధి చివర రెండు నిమిషాలు ఆగి, మా ఇంటివైపు తిప్పాను.

మంగళవారం పొద్దుటి నుంచీ పొగమంచు. మధ్యాహ్నం అయినా పైకి లేవలేదు. దుకాణం ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు కూడా కనపడలేదు. డ్రైవర్ల గొంతులు మామూలుగా లేవు. జోకులు లేవు, పాటలు లేవు. మైలు, లోడు, మైలు, ఖాళీ. ఒకడు చెప్పింది ఇంకొకడు మళ్ళీ అడిగి రూఢి చేసుకుంటున్నాడు.

రెండు గంటలప్పుడు ఒకాయన రంపం తెచ్చాడు. ముందు గదిలో గ్రైండరు వేసి గొలుసుకి పదును పెట్టాను. పావుగంట పట్టింది. గ్రైండరు తిరుగుతుంటే రేడియో వినపడదు. ఆయన్ని పంపి, షెడ్డులోకి వచ్చేసరికి గేలెన్ గొంతు. “పది, లోడు.”

ఆ వెంటనే, గాలి చప్పుడు అడుగున, ఇంకేదో.

మొదట ఎవరో దగ్గుతున్నారనుకున్నాను. నాబు తిప్పాను. “...మ్మిది... మూసుకు... లారీ...” అని మూడు ముక్కలు. నేను కదలకుండా నిలబడ్డాను. మళ్ళీ వచ్చింది. “తొమ్మిది. రోడ్డు మూసుకుంది. లారీ ఆపండి. తొమ్మిది.”

ఆ గొంతు వెండెల్‌ది. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

పదికీ తొమ్మిదికీ మధ్య ఆ రోడ్డులో అన్నిటికంటే నిటారు దిగుడు. మైకు అందుకున్నాను.

“గేలెన్, ఆపు. తొమ్మిది దగ్గర రోడ్డు మూసుకుంది.”

జవాబు లేదు. రెండోసారి చెప్పాను. మూడోసారి అరిచాను.

“ఎవరది, ఆర్డీనా? నువ్వీ చానెల్లో ఏం చేస్తున్నావు?”

“తొమ్మిది దగ్గర బండి అడ్డం ఉంది. ఆపు.”

“తొమ్మిదిలో ఎవడూ లేడే. ఎవడూ చెప్పలేదు.”

“వెండెల్ ఉన్నాడు. చెప్తూనే ఉన్నాడు, నీకు వినపడటం లేదు. ఆపరా.”

గాలి చప్పుడు. తర్వాత గేలెన్, ఊపిరి బిగబట్టి, “తొక్కుతున్నా. ఆగడం లేదు. బురద మీద జారుతోంది.”

అప్పుడు వెండెల్ మళ్ళీ మాట్లాడాడు. నా మాట, గేలెన్ మాట అతనికి అన్నీ వినపడుతున్నాయి. అతని రేడియో వినడానికి బాగానే పనిచేస్తోంది.

“ఆర్డీ.” కంగారు లేదు గొంతులో. “కొండవైపు తోయమను వాణ్ణి. ఎడమవైపు. లోయవైపు తిప్పితే పోతాడు. గట్టు మెత్తగా ఉంది, తోసెయ్యమను.”

“గేలెన్, ఎడమవైపు కొండలోకి తోసెయ్. గట్టులోకి తోసెయ్.”

ఆ తర్వాత మైకు నొక్కి ఉన్న చప్పుడు ఒకటి కొన్ని క్షణాలు వినపడింది. అది వెండెల్ మైకు. అందులోంచి దూరంగా లారీ బ్రేకుల ఏడుపు, చెట్లు విరుగుతున్న చప్పుడు వచ్చాయి. తర్వాత ఆ మైకు ఆగిపోయింది.

ఎనిమిది దగ్గర, కొండ మలుపు అడ్డమై వెండెల్ మాట అందని చోట ఆగి ఉన్న ఖాళీ లారీ డ్రైవరు నడిచి వెళ్ళి చూసి చెప్పేదాకా నలభై నిమిషాలు నేను ఆ బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను.

గేలెన్ గట్టులోకి తోశాడు. క్యాబిన్ మట్టిలో దిగబడి ఆగింది. పక్కటెముకలు మూడు విరిగాయి, భుజం జారింది. కానీ ట్రైలరు గొలుసులు తెగి దుంగలు దిగుడు వెంట దొర్లాయి. అరవై గజాల కింద పికప్ ఉంది. దుంగలు దాన్ని లోయలోకి తోసేశాయి.

తర్వాత షెరీఫ్ మనిషి గుర్తులు చూసి జరిగింది చెప్పాడు. తొట్టి నిండా తడి దిమ్మలతో దిగుతుంటే పికప్ వెనక భాగం జారి, బండి గిర్రున తిరిగి, ముందు భాగం పైవైపుకి పెట్టి రోడ్డుకి అడ్డంగా దిగబడింది. తొట్టిలో నేను పెట్టిన కడ్డీకీ పైనున్న లారీకీ మధ్య క్యాబిన్ అడ్డం. బరువు తగ్గించడానికి దిమ్మలు కిందికి తోస్తుంటే ఒకటి అతని పాదం మీద పడింది. ఎముక నుజ్జయింది. పైకి ఎదురు నడిచి లారీని ఆపలేడు కాబట్టి, బురదలో పాకి బండిలోకి ఎక్కాడు. లోయవైపు పొదల్లోకి పాకి ఉంటే బతికేవాడు. అక్కడికి నాలుగడుగులు. బండి వరకు పన్నెండు.

నేను అంతా చెప్పాను. యాంటెన్నా ఎక్కడ పెట్టానో, ఎందుకు అడిగాడనుకున్నానో, ఏ రోజు తెలిసిందో, గేలెన్ అడిగితే ఏమన్నానో. షెరీఫ్ మనిషి రాసుకుని సంతకం తీసుకున్నాడు. నా మీద పెట్టడానికి కేసేమీ లేదన్నాడు. ఆ మాట విని ఊరట కలగలేదు.

అంత్యక్రియలకి డ్రైవర్లందరూ వచ్చారు. ఎవరూ దేవదారు మాట ఎత్తలేదు. నాలుగు రోజుల తర్వాత థోరా నా దుకాణానికి వచ్చింది. వంటగది ఏప్రను మీదే కోటు వేసుకుంది.

“చివర మాట్లాడింది నీతోనేనట కదా,” అంది. “ఏమన్నాడు?”

చెప్పాను. ప్రతి ముక్కా చెప్పాను.

“ఎడమవైపు అన్నాడా?”

“అన్నాడు.”

“నా గురించి ఏమైనా అన్నాడా?”

అబద్ధం నా నోటి చివర ఉంది. ఆమెకి ఒక్క వాక్యం ఇస్తే పోయేదేముంది అనిపించింది. కానీ అప్పటికే ఒకసారి అబద్ధం చెప్పి ఉన్నాను.

“లేదు థోరా.”

ఆమె తల ఊపింది. “టైము ఉండి ఉండదు,” అంది. కోటు గుండీలు పెట్టుకుంటూ తలుపు దగ్గర ఆగింది. “నెలన్నరగా కట్టెలు అమ్ముతున్నానని చెప్పాడు నాకు. ఆ చేతుల వాసన నాకు తెలియదనుకున్నాడు.”

గేలెన్ మాత్రం రాలేదు. ఆసుపత్రిలో నేను మంచం పక్కన కూర్చుంటే గోడవైపు తిరిగేవాడు. క్రిస్మస్‌కి వాళ్ళావిడ పిలిచింది. వాడు తలెత్తకుండా తిని లేచాడు. ఫిబ్రవరిలో ఒక గురువారం, లారీ మళ్ళీ నడపడం మొదలుపెట్టిన వారానికి, షెడ్డు తలుపు తోసుకుని వచ్చాడు. కాఫీ పోశాను.

“ఆ శుక్రవారం నిన్ను అడిగాను కదా,” అన్నాడు. “నా మొహం చూస్తూ, చెయ్యి వణకడం చూస్తూ కూడా చెప్పలేదు నువ్వు. నాకొక్కటి చెప్పు. ఆ మంగళవారం అలా జరగకపోతే, బుధవారమైనా చెప్పేదానివా?”

చెప్పేదాన్ననే అనుకోవాలని ఉంది నాకు. మూడు నెలలుగా రోజూ అనుకున్నాను కూడా.

“తెలియదు,” అన్నాను.

వాడు నన్ను చూశాడు. కోపంగా కాదు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. సగం కాఫీ వదిలేసి వెళ్ళాడు.

తర్వాతి గురువారం మళ్ళీ వచ్చాడు. బ్రేకు షూల గురించి మాట్లాడుకున్నాం.